పైన్ గింజల చోట సారపప్పు: హనుమకొండ వంటింటి నుంచి ఒక కేస్ స్టడీ

హనుమకొండ నయీంనగర్‌లో ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడులు చేసి అమ్మే ఒకావిడకు సుబేదారిలోని చిన్న కెఫే నుంచి ఎన్నడూ రాని ఆర్డరు వచ్చింది. వారానికి కిలోన్నర పెస్టో కావాలట. తులసికి బంధువైన బేసిల్ ఆకును పైన్ చెట్టు గింజలు, వెల్లుల్లి, చీజ్, ఆలివ్ నూనెతో నూరి పాస్తాలో కలుపుకునే ఇటలీ పచ్చడి అది. కెఫే నడిపే కుర్రాళ్లు అప్పటిదాకా దిగుమతి సీసాలే వాడేవారు. వాటిలో ఆకు వాసన కంటే పులుపు, ఉప్పు ముందు తగులుతున్నాయని, తాజాగా నూరినదైతే బాగుంటుందని వాళ్ల ఆలోచన. అయితే ప్లేటు ధర పెరగకూడదు, పైన్ గింజలు కొనేంత డబ్బు లేదు. చిన్న ఆహార తయారీదారులకు తయారీ, నిల్వ, లేబుళ్ల విషయంలో సలహా ఇవ్వడం నా వృత్తి కాబట్టి ఆవిడ నాకు ఫోను చేశారు. ఆవిడను నేను అక్క అంటాను. ఇక్కడా అలాగే రాస్తున్నాను.

"పల్లీలు వేస్తే అయిపోతుంది కదా మేడం, ఎనుమాముల మార్కెట్ నిండా అవే" అన్నది అక్క మొదటి మాట. ఎవరిని అడిగినా చెప్పేది అదే. పల్లీల మీద నాకేమీ చిన్నచూపు లేదు. కానీ ఏ గింజ వేయాలో తేల్చే ముందు, తీసేస్తున్న గింజ అక్కడ ఏ పని చేస్తోందో చూడాలి. ఈ కేసులో సగం సమయం దానికే పోయింది, పోవలసిందే.

పైన్ గింజ చేసే పని

పెస్టో ఇటలీ వాయవ్య తీరంలోని లిగురియా ప్రాంతపు వంట. దాని పేరుతో పాటే జెనోవా నగరం పేరు వినిపిస్తుంది. అక్కడ 2007 నుంచి పెస్టో నూరే ప్రపంచ పోటీ జరుగుతోంది. చలువరాతి రోలు, కర్ర రోకలి తప్ప మరేదీ వాడకూడదు. ఆ సంప్రదాయ కొలతల్లో 600 గ్రాముల పాస్తాకు 60–70 గ్రాముల బేసిల్ ఆకు, 30 గ్రాముల పైన్ గింజలు, 45–60 గ్రాముల పార్మిజానో చీజ్, 20–40 గ్రాముల గొర్రెపాల చీజ్, ఒకటి రెండు వెల్లుల్లి రెబ్బలు, 10 గ్రాముల కల్లుప్పు, 60–80 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె ఉంటాయి.

ఈ కొలతలను అక్క చేతే రాయించాను. రాస్తున్నప్పుడే ఆవిడకు తట్టింది: "ఇంతా చేసి గింజలు ముప్పై గ్రాములేనా?" అవును, అంతే. అయినా తీసేస్తే తెలిసిపోతుంది. ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ వాళ్లు గింజలు లేకుండా ఇలాంటిదే పిస్తూ అని చేసుకుంటారు. అది పల్చగా ఉంటుంది, సూపులో కలుపుకోవడానికి బాగుంటుంది, పాస్తాను పట్టుకుని ఉండడానికి అంతగా పనికిరాదు. పైన్ గింజలో నూటికి 68 పాళ్ల వరకు కొవ్వే. మెత్తగా ఉంటుంది కాబట్టి రోకలి తగలగానే వెన్నలా జారుతుంది. ఆకు నుంచి వచ్చే నీటిని, పైన పోసే నూనెను విడిపోకుండా కలిపి ఉంచుతుంది. వెల్లుల్లి ఘాటును, చీజ్ ఉప్పదనాన్ని కాస్త తగ్గిస్తుంది. తనకంటూ గట్టి వాసన లేదు, ఆకును మింగేయదు. ప్రత్యామ్నాయానికి మేం పెట్టుకున్న పరీక్ష ఇదే: కొవ్వు దండిగా ఉండాలి, మెత్తగా నలగాలి, వాసన తక్కువగా ఉండాలి, చేదు అసలే ఉండకూడదు.

మన దేశంలోనే హిమాచల్‌లోని కిన్నౌర్ వైపు పండే చిల్గోజా కూడా పైన్ గింజే. కానీ ధర చూస్తే అదీ కిలో వేల రూపాయల్లోనే.

పల్లీలు ఎక్కడ ఆగాయి

వేయించిన పల్లీలతో చేసిన మొదటి గిన్నె రుచి చూసి అత్తమ్మ, అంటే అక్క వాళ్ల అత్తగారు, "ఇది పచ్చి ఆకు వేసిన పల్లీ చట్నీ" అని తేల్చేశారు. మాట కటువే గాని నిజం అదే. పల్లీలు వేగినప్పుడు పుట్టే ఆ కమ్మని వాసన మనకు ఇడ్లీ, దోసెల పక్కన పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది ఉన్నచోట ఇంకో వాసనకు చోటుండదు. పల్లీలు పచ్చివి వేస్తే పసరు వాసన. మధ్యే మార్గంగా వేడినీళ్లలో నానబెట్టి, పొట్టు తీసి, నీడలో ఆరబెట్టి, రంగు మారకుండా సన్నని సెగ మీద కాసేపు కదిపాం. అప్పుడు వాసన దారికి వచ్చింది. కానీ పల్లీలో కొవ్వు 49 పాళ్లే, మాంసకృత్తులు 26 పాళ్లు. నూరిన ముద్ద నూనెను, తేమను పీల్చుకుని గట్టిపడింది. నూనె పెంచాల్సి వచ్చింది. గింజ మీద మిగిల్చిన డబ్బులో కొంత ఆలివ్ నూనె పట్టుకుపోయింది.

పల్లీలు వద్దని నేను అనను. ఇంట్లో ఒక పూటకు చేసుకునేవారికి అవి చాలు. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి మాత్రం ఏరి పారేయాలి. పల్లీల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది, వేయించినా అది పూర్తిగా పోదు.

మిగతా వాటి గురించి రెండు ముక్కలు. జీడిపప్పు తెల్లగా, నున్నగా వచ్చింది గాని అందులోని పిండి పదార్థం వల్ల తీపి తేలి, నోట్లో జిగురుగా అనిపించింది. అక్రోటుకు 65 పాళ్ల కొవ్వు ఉంది, కొలత ప్రకారం చూస్తే దగ్గరి బంధువే. దాని పొట్టు చేదు మాత్రం మిక్సీలో ఇంకా పెరిగింది. బాదం సిసిలీలోని త్రాపాని వాళ్ల పెస్టోలో వాడతారు, అయితే దానికి టమాటా తోడుంటుంది. నువ్వులు వద్దని అక్కే అంది.

సారపప్పు

సారపప్పు పేరు తెచ్చింది అత్తమ్మే. పాయసంలో, స్వీట్లలో వేసే ఆ చిన్న పప్పును హిందీలో చిరోంజీ అంటారు. ఇక్కడి అడవుల్లో అది మొర్రి చెట్టు గింజ. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపూ, అటు ఆదిలాబాద్ అడవుల్లోనూ ఎండాకాలంలో నల్లగా పండే మొర్రి పండ్లు తినని వాళ్లు ఈ జిల్లాల్లో అరుదు. పండు గుజ్జు తినేశాక మిగిలే గట్టి గింజను ఆరబెట్టి, పగలగొట్టి, లోపలి పప్పును తీస్తారు. గిరిజన కుటుంబాలకు అది ఎండాకాలపు రాబడి. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో ఇదొకటి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కేంద్రం 2013–14లో మద్దతు ధర పథకం మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలోనూ చిరోంజీ ఉంది.

కాగితం మీద చూస్తే మా పరీక్షకు సరిగ్గా అతికింది. కొవ్వు 59 పాళ్లు, మాంసకృత్తులు 19 పాళ్లు. పల్లీకీ పైన్ గింజకూ మధ్యన, పైన్ గింజ వైపు మొగ్గి ఉంది. మెత్తదనం అయితే గోటితో నొక్కితేనే తెలుస్తుంది. పప్పుగింజ రెండుగా చీలి, గోరు మీద నూనె మెరిసింది. వాసన చాలా తక్కువ, కొంచెం పాలవాసన లాంటిది, చివర్లో బాదం ఛాయ. రోట్లో వేసి పొత్రంతో నాలుగు తిప్పులు తిప్పగానే ముద్దైంది. ఆ ముద్దలో ఆకు వేస్తే ఆకు వాసనే పైకి వచ్చింది.

కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. పెంకు ముక్కలు మొదటివి. పప్పు రంగులోనే ఉండే చిన్న పెంకు పలుకులు చేటకు దొరకవు. తెల్లని పళ్లెంలో పల్చగా పరిచి, వెలుతురులో వేలితో జరుపుతూ ఏరాలి. పంటి కింద ఒక్క పలుకు పడితే కెఫేకు వచ్చినవాడు మళ్లీ రాడు. రెండోది పొట్టు. అలాగే నూరితే గోధుమ రంగు చుక్కలు, కాస్త వగరు. పదినిమిషాలు వేడినీళ్లలో ఉంచి, గుడ్డలో వేసి రుద్దితే చాలావరకు వచ్చేస్తుంది. ఆ తర్వాత ఫ్యాను కింద పూర్తిగా ఆరాలి, తడి మిగిలితే నిల్వ చెడుతుంది. ఆరాక సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు, రంగు మారకుండా వేడిచేయాలి. అక్కకు వేయించడం అలవాటు, "ఎర్రబడే దాకా" అనేది ఆవిడ చేతిలో ఉన్న కొలత. ఇక్కడ అది మానుకోవడమే ఆవిడకు అన్నిటికంటే కష్టమైన పాఠం.

మూడోది నూనె కంపు. వర్షాకాలంలో కిరాణా కొట్టులో కొన్న ఒక పొట్లం పాత సరుకు. విరిగిన పప్పులు, పసుపు పట్టిన అంచులు, మూత తీస్తే పాత నూనె వాసన. ఆ పప్పుతో నూరిన గిన్నె మొత్తం చేదైంది, చీజ్ ఎంత వేసినా దాగలేదు. అప్పటి నుంచి నియమం ఒక్కటే: కొనే ముందు రెండు పప్పులు నమిలి చూడాలి, తీయగా ఉంటేనే తీసుకోవాలి. ఎండాకాలంలో కొత్త సరుకు వచ్చినప్పుడు కొని, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచాలి.

ఇంకో విషయం, దీన్ని చాలామంది వదిలేస్తారు. పైన్ గింజ బదులు సారపప్పు వేశాం కాబట్టి నట్ అలర్జీ ఉన్నవాళ్లు కూడా తినవచ్చని కెఫే మెనూలో రాయబోయారు. నేను ఆపించాను. మొర్రి చెట్టు, జీడిమామిడి, పిస్తా, మామిడి, నల్లజీడి అన్నీ ఒకే వృక్ష కుటుంబం. జీడిపప్పు, పిస్తా పడనివాళ్లు సారపప్పుకు దూరంగా ఉండడమే మేలు. లేబులు మీద సారపప్పు, పాల పదార్థం రెండూ స్పష్టంగా రాయించాను. పల్లీల రకం చేసిన రోజు పల్లీలు అని వేరుగా ఉండాలి. అదే మిక్సీ జారులో పల్లీ చట్నీ చేస్తుంటే ఆ మాట కూడా రాయాలి.

ఆకు

ఆకు విషయంలో అపోహలు ఎక్కువ. తులసి బేసిల్‌కు బంధువే గాని వేరే జాతి. లవంగం ఘాటు, చివర్లో చేదు. అదీగాక తులసిని రోట్లో వేసి దంచడానికి అత్తమ్మ ఒప్పుకోరు, నేను అడగనూ లేదు. సబ్జా గింజలు చల్లితే వచ్చే మొక్క మాత్రం బేసిల్ జాతే. మనం రుద్రజడ అనే మొక్క కూడా అదే. అయితే మన దగ్గరి రకాల్లో చాలావాటికి సోంపు వాసన గట్టిగా ఉంటుంది, పెస్టోలో అది సరిపడదు. అక్క కొట్లో కొన్న సబ్జా గింజలు కుండీలో మొలిపించి చూసింది. ఆకు బాగా వచ్చింది, నూరితే సోంపు పచ్చడి. చివరికి జెనోవా రకం విత్తనాలు తెప్పించి, డాబా మీద నీడ వల కింద సంచుల్లో పెంచాం. ఓరుగల్లు ఎండలో వల లేకపోతే మొక్క త్వరగా పూతకొస్తుంది. పూత వచ్చాక ఆకు గట్టిపడి చేదెక్కుతుంది. జెనోవా నగర శివారులోని ప్రా అనే చోట మొక్కలను చిన్నగా ఉండగానే కోస్తారు. మేమూ జానెడు ఎత్తు రాగానే చిగుళ్లు తుంచడం మొదలుపెట్టాం.

కోసిన ఆకును ఫ్రిజ్‌లో పెట్టకూడదు. కొత్తిమీరకు పనికొచ్చే పద్ధతి దీనికి పనికిరాదు. చలికి బేసిల్ ఆకు నల్లబడిపోతుంది. కాడలు నీళ్ల గ్లాసులో పెట్టి వంటింట్లోనే ఒక పూట ఉంచుకోవచ్చు. కడిగాక ఒక్క నీటి చుక్క లేకుండా ఆరబెట్టాలి.

నూరడం

కుదిరిన కొలత ఇది, ఆరు ప్లేట్లకు: ఆకు 65 గ్రాములు, సారపప్పు 30, చీజ్ 60, ఆలివ్ నూనె 70 మిల్లీలీటర్లు, చిన్న నాటు వెల్లుల్లి రెబ్బలు రెండు, కల్లుప్పు 3 గ్రాములు. పోటీ కొలతల్లోని పది గ్రాముల ఉప్పు మాకు ఎక్కువైంది, చీజ్‌లోనే కావలసినంత ఉంది. అసలు పార్మిజానో తయారీలో పాలను గడ్డకట్టించడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ అనే పదార్థం వాడతారు. శాకాహారులు తినే చోట అది కుదరదు, అందుకే సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసిన గట్టి చీజ్ తీసుకున్నాం.

రోట్లో నూరినదే బాగుంటుంది. ఇంట్లో ఉన్న నల్లరాతి రోలులో కారం, చింతపండు వాసన పోయేదాకా తడి బియ్యం వేసి నూరి పారబోశాం. వెల్లుల్లి, ఉప్పు ముందు, తర్వాత పప్పు, ఆపైన కొంచెం కొంచెంగా ఆకు. దంచకుండా గుండ్రంగా తిప్పుతూ నూరాలి. కానీ వారానికి కిలోన్నర రోట్లో నూరమంటే అక్క నా ఫోను ఎత్తడం మానేస్తుంది. కాబట్టి మిక్సీ. మిక్సీలో రెండు ప్రమాదాలు: వేడికి ఆకు నల్లబడుతుంది, వేగానికి ఆలివ్ నూనె చేదెక్కుతుంది. మంచి ఆలివ్ నూనెలో ఉండే చేదు పదార్థాలు బ్లేడు దెబ్బకు విడివడి నాలుకకు తెలుస్తాయి. అందుకని చట్నీ జారును ముందుగా ఫ్రీజర్‌లో పెట్టాం. పప్పు, వెల్లుల్లి, ఉప్పు ముందు ముద్ద చేసి, ఆకు వేశాక ఆపి ఆపి మాత్రమే తిప్పాం. రెండు చెంచాల నూనె తప్ప మిగతాది, చీజ్ అంతా బయటకు తీశాక గరిటెతో కలిపాం. చేదు పోయింది. పల్లీ రకానికి ఇదే పద్ధతి, నూనె మాత్రం 85 మిల్లీలీటర్లు. గానుగ పల్లీ నూనె పోస్తే మళ్లీ పల్లీ చట్నీ దగ్గరికే వస్తాం.

కెఫేలో, ఫ్రిజ్‌లో

మొదటి వారం సరుకు వెళ్లాక కెఫే నుంచి ఫిర్యాదు: పెస్టో నల్లబడింది, చీజ్ ఉండలు కట్టింది. వెళ్లి చూస్తే అక్కడి వంటతను నూనె కాచి, వెల్లుల్లి తాలింపు వేసి, అందులో పెస్టో వేయిస్తున్నాడు. తాలింపు లేని వంట అతని చేతికి కొత్త. పొయ్యి ఆపేసి, ఉడికిన పాస్తాను గిన్నెలోకి తీసి, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటెతో పెస్టోను పల్చబరచి కలపమన్నాను. సారపప్పు కొవ్వులో చలికి గడ్డకట్టే పామిటిక్ ఆమ్లం వాటా ఎక్కువ, ఆలివ్ నూనె కూడా చలికి పేరుకుంటుంది, అందుకే ఫ్రిజ్ నుంచి తీసిన పెస్టో గట్టిగా కనిపిస్తుంది. అలా కనిపించినా వేడి చేయక్కరలేదు, ఆ వేడినీళ్లకే వదులవుతుంది.

అసలు వాదన నిల్వ దగ్గర వచ్చింది. నెల రోజులు బయట ఉండేలా ఇవ్వమని కెఫే కోరింది. అక్కకూ అది తప్పుగా తోచలేదు: "నూనె పైకి తేలితే పచ్చడి ఏడాది ఉంటుంది కదా మేడం." ఇది తెలుగు వంటింట్లో అందరూ నమ్మే మాట, సగమే నిజం. ఆవకాయను కాపాడేది ప్రధానంగా మామిడి పులుపు, దిట్టంగా వేసిన ఉప్పు. నూనె పైపొర బూజును ఆపుతుంది, అంతవరకే. పెస్టోలో పులుపు లేదు, ఉప్పు తక్కువ, పచ్చి వెల్లుల్లి, పచ్చి ఆకు ఉన్నాయి. మట్టి నుంచి వచ్చే క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బ్యాక్టీరియా గాలి అందని, పులుపు లేని చోటే పెరిగి విషం తయారు చేస్తుంది. దానికి పచ్చి వెల్లుల్లి మీద నూనె పొర పోసి బయట పెట్టడమంటే ఇల్లు కట్టి ఇవ్వడమే. పైగా ఆ విషానికి వాసన, రంగు ఏమీ ఉండవు. నిమ్మరసం పిండి పులుపు పెంచవచ్చు గాని, నిల్వకు సరిపడేంత పులుపు వేస్తే రుచి మారుతుంది, ఆకు ఆలివ్ రంగుకు తిరుగుతుంది. దిగుమతి సీసాల పులుపు గురించి కుర్రాళ్లు చేసిన ఫిర్యాదు గుర్తు చేస్తే వాళ్లే ఒప్పుకున్నారు.

కాబట్టి పద్ధతి ఇలా మారింది. తాజా సరుకు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించి లేదు. మిగతాది చీజ్ కలపకుండా ఐస్ ట్రేలలో పోసి, గడ్డకట్టాక సంచుల్లో వేసి ఫ్రీజర్‌లో ఉంచి, అక్క కెఫేకు అలాగే పంపుతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దింపి కరిగించి, వడ్డించే పూట చీజ్ కలుపుతారు. ఫ్రీజర్‌కు వెళ్లే ఆకును మాత్రం మరుగుతున్న నీళ్లలో పది సెకన్లు ముంచి ఐసు నీళ్లలో వేసి పిండుతాం. ఆకును నల్లబరిచే ఎంజైము ఆ వేడికి పనిచేయడం మానేస్తుంది. వాసన కాస్త తగ్గుతుంది, రంగు నిలుస్తుంది. తాజాగా ఇచ్చేదానికి ఇది చేయం.

లెక్క

మేం కొన్నప్పటి ధరల్లో సారపప్పు కిలో పదిహేను వందలు. ఆరు ప్లేట్ల గిన్నెకు ముప్పై గ్రాములంటే 45 రూపాయలు. పల్లీలైతే ఐదు రూపాయలు. పైన్ గింజలు కిలో ఐదువేల లెక్కన 150. అదే గిన్నెలో ఆలివ్ నూనె 70 రూపాయలు, చీజ్ 90. పల్లీకి, సారపప్పుకు తేడా ప్లేటుకు ఏడు రూపాయల లోపే, పల్లీలకు అదనంగా పోసే నూనె లెక్క వేస్తే ఇంకా తక్కువ. ఖర్చు తగ్గించాలంటే చూడాల్సింది చీజ్ వైపు. కెఫే వాళ్లు దాన్ని 50 గ్రాములకు దించి చూశారు, తినేవాళ్లు ఎవరూ గమనించలేదు. పప్పు తగ్గిస్తే మాత్రం నూనె విడిపోయింది.

ఇప్పుడు కెఫేకు వెళ్లేది సారపప్పు రకం. అక్క తన పాత ఖాతాదారులకు పల్లీ రకం చిన్న డబ్బాల్లో అమ్ముతోంది, దాన్ని వాళ్లు జొన్నరొట్టెలోకి కొంటున్నారు. అత్తమ్మ కూడా సర్వపిండితో దాన్నే తింటారు, సారపప్పు పెస్టోలో కారం లేదని ఆవిడ అభ్యంతరం. తేలనిది వానాకాలపు ఆకు. ముసురు పట్టిన వారాల్లో ఆకు మీద నల్లమచ్చలు వస్తున్నాయి, సగం పారేయాల్సి వస్తోంది. సంచుల మధ్య ఎడం పెంచి, నీళ్లు ఆకు మీద కాకుండా మొదట్లో పోయమని చెప్పాను. అది చాలకపోతే జులై, ఆగస్టు నెలలకు సరిపడా వేసవి ఆఖరులోనే నూరి, చీజ్ లేకుండా గడ్డకట్టించి పెట్టుకోవాలి. ఆ రెండు నెలలు తాజా రకం ఇవ్వలేమని కెఫేకు ముందే రాతపూర్వకంగా చెప్పించాను.